నడిమి వరుస సొరుగులు

పొయ్యికి పొగగొట్టం వేసే పని పొయ్యి దగ్గర మొదలవదు. పొగ ఎక్కడ బయటపడాలో అక్కడ మొదలవుతుంది. ముందు నేల కిందికి దిగి చూడు, గోడ అవతలికి వెళ్ళి చూడు, ఆ తరువాతే పైకొచ్చి టేపు తియ్యి. పాతికేళ్ళుగా తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ గొట్టాల మేస్త్రి ఈ మాట చెబుతూనే ఉన్నాడు. ఎదుటివాడికి చెప్పేటప్పుడు ఎవరికైనా నోరు బాగానే తిరుగుతుంది. తీరా సొంత అక్క ఇంట్లో పని పడేసరికి, ఆ మాటను గుమ్మం బయటే వదిలేసి లోపలికి అడుగుపెట్టాడు. దానికి కారణం కింది గదిలో ఉంది. ఆ కారణం అతని బావ.

బావ వడ్రంగి. వాళ్ళ వంటింటి కింద సగం మేర నేలమాళిగ ఉంది, అదే ఆయన పనిగది. మిగతా సగం కింద మనిషి మోకాళ్ళ మీద పాకితే తప్ప పట్టనంత ఖాళీ ఉంది, దానికి బయట పక్కగోడలో చిన్న తలుపు. పైన వంటిల్లు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. చెక్క నేల, పైకప్పులో పెద్ద అద్దం, పగలంతా వెలుతురు. గోడవారగా కాకుండా గది మధ్యలో పెద్ద గట్టు, దాని మీద పొయ్యి. "గోడను చూస్తూ వండితే వంట కూడా గోడలాగే ఉంటుంది, నేను మనుషుల్ని చూస్తూ వండుకుంటాను" అని అక్క అడిగితే బావ తన చేతులతో కట్టిన గట్టు అది. దాని కింద మూడు నిలువు వరుసల్లో తొమ్మిది సొరుగులు. వేలితో నెడితే చాలు, చప్పుడు లేకుండా వెళ్ళి మూసుకుంటాయి. ఇంటికి ఎవరొచ్చినా ఆ సొరుగులు ఒకటికి రెండుసార్లు తెరిపించి, మూయించి, అప్పుడు గాని ఆయన మంచినీళ్ళ మాట ఎత్తడు.

అలాంటి వంటింట్లో అక్కకు ఊపిరి అందని జబ్బు పట్టుకుంది. పోపు పొగ తగిలితే చాలు, దగ్గు మొదలై అరగంటకు గాని వదలదు. డాక్టరమ్మ మొహమాటం లేని మనిషి. "పొగైనా ఇంట్లోంచి వెళ్ళాలి, లేదా మీరైనా వంటింట్లోంచి వెళ్ళాలి. ఆ కింది గదిలో రంపపు పొట్టు జోలికి అసలే వెళ్ళకండి" అంది. పొగను ఎలా పంపాలో తేలేలోగా బావ అక్కనే పంపేశాడు. ఆ సాయంత్రమే ఏప్రన్ కట్టుకుని గరిటె పట్టుకున్నాడు.

ఆయనది నలభీమపాకం అని ఆయన మీద ప్రేమ ఉన్న అబద్ధాలకోరు కూడా అనలేడు. చెక్కను కాగితమంత పల్చగా చిత్రిక పట్టే మనిషి, కూరగాయల్ని మాత్రం మేకుల్లా తరిగేవాడు. అక్క వంటింటి గుమ్మం బయట కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆరు వారాలు అదంతా చూసింది. ఏడో వారం తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, నా పొయ్యి నాకు ఇప్పించరా. ఇంకో నెల ఇలాగే కూర్చోబెడితే నేను ఊపిరాడక పోను, ఊరికే కూర్చుని పోతాను."

నవ్వుతూనే అంది. తమ్ముడు ఆ రాత్రి సరిగ్గా తినలేదు.

పైకప్పులో అద్దం ఉంది గనుక పొయ్యి నెత్తిన చిమ్నీ వేలాడదీయడానికి వీల్లేదు. అందుకని అక్క వేరే రకం పొయ్యి ఎంచుకుంది. దాని నడుమ పొడుగ్గా ఒక జాలీ ఉంటుంది, కింద ఫ్యాను. పొగ పైకి లేవకముందే అది కిందికి లాగేసుకుంటుంది. అక్క ఎంచుకుంటే బావ తెప్పించాడు, పెట్టె వచ్చి వంటింట్లో కూర్చుంది. ఇక కావలసిందల్లా ఆ ఫ్యాను నుంచి బయటి గోడ దాకా ఆరంగుళాల గొట్టం. గొట్టం అంటే తమ్ముడే. కాకపోతే తమ్ముడికీ బావకీ నాలుగేళ్ళుగా మాటల్లేవు.

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. కోరడం ఎప్పుడూ మానలేదు, మాట్లాడడమే మానేశాడు. నాలుగేళ్ళ కిందట ఎవరింట్లోనో ఇద్దరూ కలిసి పని చేస్తున్నారు. గొట్టం పోవడానికి బావ అప్పుడే ముగించిన అల్మారా అడ్డొచ్చింది. బావ టీకి వెళ్ళాడు. మేస్త్రికి ఓపిక చాలక, అడక్కుండానే అల్మారా వీపున ఇంత బొక్క కోసేశాడు. బావ తిరిగొచ్చి చూసి, ఇంటివాళ్ళ ముందే, "వీడి చేతికి కత్తెర ఇచ్చినవాడికి బుద్ధి లేదు" అన్నాడు.

వినడానికి చిన్న తిట్టే. అయితే ఆ కత్తెర ఇచ్చినవాడు బావే. ఇరవై ఏళ్ళ వయసులో పనీ పాటా లేక తిరుగుతున్న బావమరిదికి రేకు కత్తెర కొనిచ్చి, రేకుల షాపులో చేర్చి, మనిషిని చేసింది ఆయనే. అంటే నన్ను మనిషిని చేసినందుకు ఇప్పుడు చింతిస్తున్నాడన్నమాట, అని మేస్త్రి మనసులో పడింది. పడింది మరి లేవలేదు. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తిన్నా మాటలన్నీ అక్క మీదుగానే నడిచేవి. "మీ తమ్ముడిని అడుగు", "మీ ఆయనతో చెప్పు". కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అక్క రెండు వైపులా మోస్తూ వచ్చింది.

మేస్త్రి పొద్దున్నే వచ్చాడు. నేలమాళిగ మెట్ల వైపు చూడకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళి సొరుగులు లాగి చూశాడు. ఫ్యాను సరిగ్గా నడిమి వరుస మీదికి వస్తుంది. మరో ఇంట్లో అయితే రెండో ఆలోచన ఉండేది కాదు. "అమ్మా, ఈ వరుసలో మూడు సొరుగులూ పోతాయి, గొట్టం నిటారుగా నేలలోంచి కిందికి దిగుతుంది, అక్కడ ఒక్క మలుపు తిరిగి వెనక గోడ దాటుతుంది" అని చెప్పి పని మొదలుపెట్టేవాడు. ఇక్కడ నోరు రాలేదు. ఒకసారి అడక్కుండా కోసి నాలుగేళ్ళ మాటలు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు తొమ్మిదిలో మూడు అడగాలంటే ముందు మాట్లాడాలి, అదీ తనే.

అందుకని పాము చావకుండా, కర్ర విరగకుండా ఇంకో దారి వెతికాడు. సొరుగుల వెనక అయిదంగుళాల సందు ఉంది. ఆరంగుళాల గుండ్రటి గొట్టం అందులో పట్టదు గనుక రేకును బల్లపరుపుగా వంచి, ఆ సందులోంచి గట్టు చివరిదాకా తీసుకుపోయి, అక్కడ నేలలోకి దింపి, పాకే ఖాళీలోంచి పక్కగోడకు చేర్చవచ్చు. బావ సొరుగులు తొమ్మిదీ క్షేమం. బావ పనిగది గడప తొక్కే పని లేదు. మలుపులు మాత్రం మూడు. మలుపు ఒక్కటి అయిదడుగుల గొట్టంతో సమానమని, మొత్తం ముప్పై అడుగులు దాటకూడదని పొయ్యితో వచ్చిన పుస్తకంలో ఉంది. తిన్నగా పోయే గొట్టం పద్నాలుగు అడుగులు, మలుపులకు పదిహేను, వెరసి ఇరవై తొమ్మిది. లెక్క ఒప్పుకుంది, చెయ్యి ఒప్పుకోలేదు. గాలి ఎంత సోమరిదో, మలుపు కనబడితే ఎలా చతికిలబడుతుందో ఆ చేతికి తెలుసు.

"మీ బావను ఒక్కమాట అడిగావా?" అంది అక్క, గుమ్మం బయట కుర్చీలోంచి.

"ఇందులో ఆయన్ని అడగడానికేముందక్కా? నా పని నాది."

రెండు రోజులు ఒళ్ళు దాచుకోకుండా పని చేశాడు. ఆ మాటకొస్తే అతని పనిలో వంక పెట్టలేం. స్క్రూలు లోపలికి పొడుచుకొస్తే జిడ్డు పట్టుకుంటుందని రివెట్లు కొట్టాడు. ప్రతి ముక్క కొననూ గాలి పోయే వైపు ఉన్న తరువాతి ముక్కలోకి దూర్చి, అతుకు చుట్టూ అల్యూమినియం టేపు నొక్కి నొక్కి అంటించాడు. పాకే ఖాళీలో బోర్లా పడుకుని గొట్టం బిగిస్తుంటే పల్చటి అడ్డుగోడకు అవతల బావ చిత్రిక పడుతున్న చప్పుడు వినిపించేది. ఇతను సుత్తి దెబ్బ వేస్తే ఆ చప్పుడు ఆగేది. ఇతను ఆగితే మళ్ళీ మొదలయ్యేది.

మధ్యాహ్నం బావ పైకొచ్చి వండి వడ్డించాడు. వడ్డించి, పళ్ళెంలోకి చూస్తూ, "మీ తమ్ముడికి ఉప్పు సరిపోయిందేమో అడుగు" అన్నాడు.

"సరిపోయిందని చెప్పక్కా. రేపటి వంటకు కూడా సరిపోయింది."

అక్క నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ ముఖం మాత్రం కదల్లేదు. మంచినీళ్ళ గ్లాసు బావమరిది వైపు జరిపాడు.

రెండో రోజు సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే పొయ్యి బిగించడం అయిపోయింది. మేస్త్రి ఫ్యాను వేసి, పల్చటి కాగితం ముక్క తీసుకుని ముందు పొయ్యి మీద పెట్టాడు. కాగితం జాలీ వైపు జరిగి అంటుకుంది. వెనక పొయ్యి మీద పెట్టాడు. అది కాస్త వణికి, అటూ ఇటూ చూసి, అక్కడే పడుకుంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడుకుంది.

"కాగితం ఎవరు వండుకుంటార్రా, ఉల్లిపాయలు వేద్దాం" అంటూ అక్క అప్పటికే లేచి వచ్చేసింది. ఇన్ని వారాల తరువాత గట్టు ముందు నిలబడి, ఒక్కక్షణం రెండు చేతులూ దాని మీద ఆనించి, మూకుడు పెట్టింది. బావ ఎప్పుడొచ్చాడో, భుజాన తువ్వాలుతో గుమ్మంలో నిలబడ్డాడు. నూనె కాగింది. ఉల్లిపాయలు పడ్డాయి. పొగ లేచింది. సగం బుద్ధిగా జాలీలోకి దిగింది, మిగతా సగం మెల్లగా తిరిగి అక్క ముఖం మీదికి వచ్చింది.

దగ్గు మొదలైంది. మేస్త్రి పొయ్యి ఆర్పేలోగా బావ ఇన్‌హేలర్ తెచ్చి అక్క చేతిలో పెట్టి, ఆమెను నడిపించుకుంటూ తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాడు. చాలాసేపటికి దగ్గు తగ్గింది. అక్క కళ్ళు తుడుచుకుని తమ్ముడి వైపు చూసింది.

"పర్వాలేదురా. నీ చేతనైందంతా నువ్వు చేశావు. నాకే రాసిపెట్టి లేదు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. చేతనైందంతా చేయలేదని అతనికి తెలుసు. సొరుగులు అడగాల్సి వస్తుందని, ఆ అడగడం నామోషీ అని, అక్క ఊపిరిని మూడు మలుపులు తిప్పాడు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. బావ అతని వైపు ఒక్కసారి చూసి, మెట్లు దిగి కిందికి వెళ్ళిపోయాడు.

మేస్త్రి కాసేపు చేతిలో కాగితం ముక్కను నలుపుతూ నిలబడ్డాడు. ఆపైన తనూ మెట్లు దిగాడు. నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

కింది గదిలో దీపం వెలుగుతోంది. ఎప్పుడూ గది మధ్యలో నిలువెత్తున పేర్చి ఉండే పలకలన్నీ ఒక పక్కకు జరిపి ఉన్నాయి. మెట్ల మొదలు నుంచి వెనక గోడ దాకా నేల ఊడ్చి ఖాళీగా ఉంది. బావ ముక్కాలి పీట మీద కూర్చుని పైకి చూస్తున్నాడు. ఏం చూస్తున్నాడా అని మేస్త్రి కూడా తలెత్తాడు.

రెండు దూలాల నడుమ, పై గది నేల చెక్కల అడుగున, పెన్సిలుతో గీసిన గుండ్రటి గీత. దాని నడుమ చిన్న కూడిక గుర్తు. అక్కణ్ణుంచి తిన్నగా వెనక గోడ దాకా సుద్ద పూసిన తాడుతో కొట్టిన గీత. గోడ మీద మరో గుండ్రటి గీత, దాని పక్కన బావ చేతిరాతతో "17" అని అంకె. మేస్త్రి మనసులోనే లెక్క వేశాడు. దిగడానికి మూడు, ఒక్క మలుపుకు అయిదు, గోడ దాకా తొమ్మిది. సరిగ్గా పదిహేడు అడుగులు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అతను రెండు రోజులు పురుగులా పాకింది ఈ గీతకు అయిదడుగుల దూరంలోనే.

"ఎప్పుడు గీశావు బావా?"

నాలుగేళ్ళ తరువాత మొదటి మాట అది. అతను గీత గురించే ఆలోచిస్తున్నాడు గనుక మాట దానంతటదే వచ్చేసింది.

"పొయ్యి పెట్టె వచ్చిన రోజే. దాంతోపాటు పుస్తకం ఉంది కదా. నాకూ అక్షరాలు వచ్చు."

"మరి రెండు రోజులుగా చూస్తూ ఊరుకున్నావేం?"

"నీ పనిలో ఇక నోరు పెట్టకూడదని ఆ అల్మారా గొడవ రోజే అనుకున్నాను. ఒకసారి పెట్టి చూశాను కదా, అది చాలు." బావ మోకాలి మీద పొట్టు దులుపుకున్నాడు. "నువ్వే కిందికి వస్తావులే అనుకున్నాను. ఎవరైనా ముందు కిందికే కదా వచ్చి చూస్తారు."

"పని తెలిసినవాడైతే వస్తాడు" అన్నాడు మేస్త్రి. తలెత్తి ఆ గుండ్రటి గీతనే చూస్తూ, "నడిమి వరుస పోతుంది బావా. మూడు సొరుగులూ" అన్నాడు. రెండు రోజుల కిందట అనవలసిన మాట అది.

"ఎందుకు పోతాయి?"

బావ లేచి పనిబల్ల మీది దుప్పటి తీశాడు. దాని కింద మూడు సొరుగులు ఉన్నాయి, కొత్తవి. ఒక్కొక్కదాని వెనక భాగం నడుమ లోపలికి అర్ధచంద్రంలా వంపు తీసి ఉంది, చొక్కాకు మెడ తీసినట్టు. ఆ వంపు చుట్టూ పల్చటి చెక్కను నానబెట్టి వంచి అంటించిన అంచు. గొట్టం మధ్యలోంచి దిగుతుంది, సొరుగు దాని చుట్టూ వచ్చి మూసుకుంటుంది. మేస్త్రి పాతికేళ్ళలో ఎన్నో వంటిళ్ళు చూశాడు గాని ఇలాంటి పని చూడలేదు.

"వంట అయ్యాక మధ్యాహ్నాలు చేశాను" అన్నాడు బావ. ఆ తరువాత కాస్త తటపటాయించి, "గొట్టం చుట్టూ అంగుళం వదిలాను. సరిపోతుందంటావా?" అని అడిగాడు.

పని విషయంలో బావ అతన్ని సలహా అడగడం అదే మొదలు. మేస్త్రి టేపు తీసి వంపుకు పెట్టి చూశాడు. అంకెలు మసకగా కనిపించాయి. ఏడుపొస్తోందని తెలిసి, కొలత చూస్తున్నవాడిలా ఇంకా కిందికి వంగాడు.

"సరిపోతుంది బావా. ఎక్కువే."

"ఆ రోజు నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"నేను అడక్కుండా కోయకుండా ఉండాల్సింది. నువ్వు వెళ్ళింది టీకే కదా, పది నిమిషాలు ఆగలేకపోయాను."

అంతకంటే ఎక్కువ మాట్లాడుకోవడం ఇద్దరికీ చేతకాదు. బావ దీపం ఆర్పాడు, ఇద్దరూ పైకొచ్చారు.

మర్నాడు పొద్దున్నే పాత గొట్టమంతా ఊడదీశారు. గట్టు చివర నేలకు పడ్డ బొక్కను బావ నేల చెక్కల చారలు కలిసేలా గుండ్రటి చెక్క కోసి పూడ్చాడు. ఎక్కడ పూడ్చాడో చెబితే గాని కనబడదు. పక్కగోడ బొక్కను మేస్త్రి సిమెంటుతో పూడ్చాడు, ఆ మచ్చ మాత్రం ఇప్పటికీ ఉంది. ఆ తరువాత బావ పై నుంచి నేల కోస్తుంటే మేస్త్రి కింద నిలబడి, రాలిపడుతున్న గుండ్రటి చెక్క ముక్కను చేతుల్లో పట్టుకున్నాడు. రంపం పెన్సిలు గీతకు ఇంత కూడా తప్పలేదు.

గొట్టం చివర కత్తిరించడానికి మేస్త్రి సంచిలోంచి కత్తెర తీశాడు. పిడికి చుట్టిన గుడ్డ చిరిగి వేలాడుతోంది. బావ కళ్ళు చిట్లించి చూశాడు.

"ఇంకా అదేనా?"

"అదే."

"పదును పోయి ఉంటుంది కదరా."

"పదును ఉంది బావా. కాస్త మొండిది, అంతే. ఇచ్చినవాడి పోలిక."

బావ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు విని అక్క కుర్చీలోంచి, "ఏమైంది? ఎవరికి తగిలింది?" అని కంగారుగా కేకేసింది. ఆ ఇంట్లో ఆ రెండు గొంతులూ కలిసి వినిపించి అన్నాళ్ళయింది మరి.

మధ్యాహ్నానికి వెనక గోడ బయట గొట్టం నోటికి మూత రేకు బిగించారు. ఫ్యాను వేస్తే ఆ రేకు దానంతటదే పైకి లేచి నిలబడింది. మేస్త్రి పైకొచ్చి వెనక పొయ్యి మీద కాగితం పెట్టాడు. అది వణకలేదు, ఆలోచించలేదు. సర్రున జారి వెళ్ళి జాలీకి అతుక్కుపోయింది.

అక్క మూకుడు పెట్టింది. నూనె కాగింది, ఉల్లిపాయలు పడ్డాయి, పొగ లేచింది. లేచిన పొగ మూకుడు అంచు దాటి, తల వంచుకుని జాలీలోకి దిగిపోయింది. బావ చేతిలో ఇన్‌హేలర్ పట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. ఉల్లిపాయలు తెల్లగా ఉన్నవి బంగారు రంగుకు తిరిగాయి, ఎర్రబడ్డాయి. దగ్గు రాలేదు. అక్క గరిటె తిప్పుతూనే ఉంది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి గాని అవి పొగ వల్ల వచ్చినవి కావు.

బావ ఏప్రన్ విప్పి మడతపెట్టాడు. నడిమి వరుసలో కొత్త సొరుగు లాగి అందులో పెట్టి, ఒక్క వేలితో నెట్టాడు. అది గొట్టం చుట్టూ వెళ్ళి చప్పుడు లేకుండా మూసుకుంది. ఎవరైనా చూశారా అన్నట్టు ఆయన ఓరగా బావమరిది వైపు చూశాడు. బావమరిది చూశాడు. తనూ వచ్చి ఒకసారి తెరిచి, ఒక్క వేలితో నెట్టాడు.

గుమ్మం బయటి కుర్చీని బావ లోపలికి తెచ్చి, గట్టుకు ఇవతల వేసుకుని కూర్చున్నాడు. కూర్చుని, అలవాటు కొద్దీ భార్యతో, "మీ తమ్ముడిని భోంచేసి వెళ్తాడేమో అడుగు" అన్నాడు.

అక్క మూకుడు మీంచి చూపు తిప్పలేదు.

"మీరే అడగండి. నాకు పొయ్యి మీద పనుంది."